ముందు ఆ సిరప్ సంగతి తేల్చండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు పదకొండేళ్లు, ఆరో తరగతి. లెక్కలు బాగానే చేస్తాడు. ఇంగ్లిష్, హిందీ పీరియడ్‌లో మాత్రం రాయడు, పక్కవాళ్లతో గొడవ పెట్టుకుంటాడు. రోజూ క్లాసు బయట నిలబెడుతున్నారట. ఇప్పుడు స్కూల్ కౌన్సెలర్ దగ్గరికి పంపుతామని, సంతకం పెట్టమని ఫారం ఇచ్చారు. పెడితే పిచ్చి ముద్ర పడుతుందని మా అత్తగారు వద్దంటున్నారు. స్కూల్ మార్చేయమంటారా? తెలిసిన మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ రెండు నెలలుగా రాత్రిపూట పోస్తున్నాను. కాస్త నెమ్మదించాడు గానీ పగలు మగతగా ఉంటున్నాడు. - ఒక తల్లి, నల్గొండ

సమాధానం: అమ్మా, మీరు స్కూల్ గురించి అడిగారు. నన్ను కంగారు పెట్టింది మీరు చివర్లో రాసిన సిరప్ సంగతి. దాని పేరు కూడా రాయలేదు. పిల్లలు ‘నెమ్మదించడానికి’ షాపుల్లో మామూలుగా ఇచ్చేవి మత్తు కలిగించే జలుబు, అలర్జీ మందులు. వాటితో తగ్గేది అల్లరి కాదు, మెలకువ. మర్నాడు పాఠం తలకెక్కదు, చిరాకు పెరుగుతుంది. కొందరు పిల్లల్లో అవే మందులు ఎదురు తిరిగి గంతులు ఇంకా ఎక్కువవుతాయి. మీకిచ్చింది జలుబు సిరప్ అయితే ఈ రాత్రి నుంచే ఆపండి. ఫిట్స్ మందో, నిద్ర మందో అయితే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం కాబట్టి సీసా పట్టుకుని రేపే పిల్లల డాక్టర్‌ను కలవండి. షాపతను ఎంత తెలిసినవాడైనా మీ బాబును పరీక్ష చేయలేదు కదమ్మా!

ఇక బాబు విషయం. చూడకుండా రోగ నిర్ధారణ చేయను, చేయకూడదు కూడా. అయితే లెక్కలు వచ్చి, రెండు భాషల రాత దగ్గరే పేచీ అంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టం కావడం) లాంటి అభ్యసన లోపం ఉందేమో చూడాలనిపిస్తుంది. ఏడీహెచ్‌డీ, అంటే నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య అయితే సాధారణంగా పన్నెండేళ్ల లోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనీసం ఆరు నెలలుగా కనిపించాలి. ఒక్క టీచర్ ఫిర్యాదుతో అది తేలదు. చూపు, వినికిడి పరీక్షలు ముందు చేయించండి. మధ్యమధ్య కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ, పిలిస్తే పలకకుండా ఉండిపోతున్నాడా? అది ఒక రకం ఫిట్స్ కూడా కావచ్చు, డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇప్పుడు స్కూల్ చేస్తున్నది చూడండి. రాయమనగానే వాడు గొడవ పెట్టుకుంటాడు, టీచర్ బయటికి పొమ్మంటారు, రాసే పని తప్పుతుంది. వాడికి కావాల్సిందే దొరికింది! మర్నాడు మళ్లీ అదే చేస్తాడు. దీన్ని శిక్ష అనుకుంటే ఎలా? పిల్లల్ని శారీరకంగా శిక్షించడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది, అది వేరే సంగతి. కౌన్సెలర్ చేయాల్సిన మొదటి పని గొడవకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని ఓ రెండు వారాలు రాసిపెట్టడం. ఆ తర్వాత పేజీ మొత్తం కాకుండా ఐదు లైన్లు రాయమనాలి. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి. ‘అడిగి లేవాలి’, ‘ఐదు లైన్లు రాయాలి’ అని రెండే లక్ష్యాలతో చిన్న కార్డు ఇచ్చి, పీరియడ్ అయ్యాక టీచర్ మార్కు వేయాలి. సాయంత్రం మీరు చూసి సంతకం పెట్టాలి. మార్కులు వచ్చిన రోజు అరగంట క్రికెట్ ఎక్కువ ఆడనివ్వండి. రాని రోజు తిట్టకండి, తిడితే కార్డు చింపేస్తాడు.

అందుకని ఫారం చదివి సంతకం పెట్టండి. బాబు చెప్పిన మాటలు ఎవరెవరికి తెలుస్తాయి, రికార్డు ఎక్కడ ఉంచుతారు అని రాసి అడగండి, అది మీ హక్కు. వంద మంది, అంతకు మించి పిల్లలున్న విద్యాసంస్థల్లో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన విశాఖలో ఓ విద్యార్థిని మృతి కేసులోనే. అత్తగారికి ఈ మాట చెప్పండి. స్కూల్ మార్చడం గురించి తర్వాత చూద్దాం. రాత కష్టమైతే కొత్త స్కూల్లోనూ కష్టమే. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మార్పు లేకపోతే పద్ధతి మార్చమనండి.

అన్నం మానేసినా, బడంటే వణికినా, తనను తాను గాయపరచుకుంటానన్నా, చచ్చిపోతానన్నా వారాల లెక్క పెట్టుకోకుండా అదే రోజు సైకియాట్రిస్ట్‌కు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అభ్యసన లోపం పరీక్షలను మాత్రం వాయిదా వేయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇదీ ఉంది. లోపం తేలి సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. పదో తరగతి పరీక్షలకు నెల ముందు ఫైలు పట్టుకుని పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులను ఏటా చూస్తుంటాను. మీకింకా నాలుగేళ్లుంది, ఈ దసరా సెలవుల్లోనే ఆ పని పెట్టుకోండి.