చూసి నేర్చుకోవడం గురించి: పిల్లలు చేయనిది నేర్చుకోలేదని కాదు

నాలుగేళ్ల మీ బాబు కోపం వచ్చినప్పుడల్లా చెల్లెలిని కొడుతున్నాడని, ఇంట్లో ఎవరూ నేర్పకపోయినా పెద్దవాళ్లను చూసే నేర్చుకున్నాడని మీ అత్తగారు అంటున్నారని, కేవలం చూడటం వల్లనే పిల్లలకు నడవడిక వస్తుందా అని అడిగారు. నేను గోదావరి జిల్లాలో ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల మధ్యే నా రోజు గడుస్తుంది. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఇది: నడవడికలో చాలా భాగం చూడటం వల్లనే వస్తుంది, కానీ చూసిన ప్రతిదాన్నీ పిల్లలు వెంటనే చేసి చూపించరు, చేయనంత మాత్రాన అది వాళ్లలో లేదని అనుకోకూడదు. ఈ రెండో సంగతిని పెద్దలు సరిగా పట్టించుకోరన్నది నా బాధ.

పిల్లలు ఇంట్లో ఏం చూస్తున్నారో తెలుసుకోవాలంటే వాళ్లు గుజ్జనగూళ్లు ఆడుకునేటప్పుడు కాసేపు పక్కన కూర్చుంటే చాలు. చెక్క దిమ్మను చెవికి ఆనించుకుని, రెండో చేయి నడుము వెనుక పెట్టుకుని, గది ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ గట్టిగా మాట్లాడే పిల్లవాడు అచ్చంగా వాళ్ల తాతయ్యలాగే ఉంటాడు. అమ్మ పాత్ర వేసిన పాప బొమ్మకు అన్నం పెడుతూ, రెండు ముద్దలు బుజ్జగించి, మూడో ముద్దకు కళ్లెర్రజేస్తుంది. మాటలే కాదు, గొంతు ఎక్కడ పెరగాలో, ఎక్కడ విసుగు ధ్వనించాలో కూడా వాళ్లకు తెలుసు. ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పినవి కావు. ‘టీచరు ఆట’ ఆడేటప్పుడు నా మాట తీరు, బల్ల మీద నేను చేత్తో తట్టే పద్ధతి కూడా అలాగే బయటికి వస్తాయి.

దీనికి పూర్తిగా భిన్నంగా కనిపించే పిల్లలు కూడా ఉంటారు. కేంద్రంలో చేరిన కొత్తలో కొందరు నోరు విప్పరు, పాటకు చప్పట్లు కొట్టరు, ఆటలో కలవరు, గోడకు ఆనుకుని చూస్తూ ఉంటారు. అలాంటి ఒక బాబు గురించి వాళ్లమ్మతో మాట్లాడదామని నేను అనుకుంటున్న సమయంలో ఆమే వచ్చి, వాడు ఇంట్లో పాటలన్నీ అభినయంతో సహా పాడుతున్నాడని, చెల్లిని పిలిచి నాలాగే వరుసలో నిలబెడుతున్నాడని సంతోషంగా చెప్పింది. అన్ని రోజులూ వాడు నేర్చుకుంటూనే ఉన్నాడు. చూపించడానికి తగిన చోటు మాత్రం వాడికి ఇంట్లోనే దొరికింది. మంచి విషయంలో ఇది ఎంత నిజమో, చెడు విషయంలోనూ అంతే నిజం.

మనస్తత్వ శాస్త్రంలో ఈ తేడాను స్పష్టంగా చూపినవారు అల్బర్ట్ బండూరా. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశు పాఠశాలలో 72 మంది పిల్లలతో ఆయన, సహచరులు చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది: పడదోసినా మళ్లీ లేచి నిలబడే గాలి బొమ్మను ఒక పెద్ద మనిషి సుత్తితో కొట్టి, గుద్ది, తిట్టడం కొందరు పిల్లలు చూశారు; తరువాత వాళ్లను కాస్త చిరాకు పెట్టి బొమ్మల గదిలో వదిలితే, ఆ దెబ్బలను, ఆ మాటలను అలాగే చేసి చూపారు. నా దృష్టిలో దీనికంటే విలువైనది 1965లో ఆయన చేసిన మరో ప్రయోగం. అందులో పిల్లలకు సినిమాగా చూపిన దృశ్యం చివర మూడు రకాలుగా ఉంది: బొమ్మను కొట్టిన మనిషికి ఒకచోట మెప్పు దక్కింది, ఒకచోట శిక్ష పడింది, ఇంకోచోట ఏమీ జరగలేదు. శిక్ష పడటం చూసిన పిల్లలు ఆ పనులను తక్కువగా చేశారు. అయితే, చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామని చెప్పగానే మూడు గుంపుల పిల్లలూ దాదాపు సమానంగా చేసి చూపారు. శిక్ష వాళ్ల చేతిని ఆపింది కానీ, నేర్చుకోవడాన్ని ఆపలేదు.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. ఆవును రైతు కర్రతో తోలడం చూసిన దూడ గట్టునే ఉండవచ్చు, కానీ చేనికి దారి దానికి తెలిసిపోయింది. రైతు లేని రోజున ఆ దారి గుర్తుంటుంది. ఆ ప్రయోగంలోని గాలి బొమ్మ కొట్టడానికే తయారైన ఆటవస్తువు కాబట్టి, తోటి మనిషిని కొట్టడానికి దాన్ని నేరుగా సాక్ష్యంగా తీసుకోకూడదని విమర్శించినవారూ ఉన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా నేర్చుకోవడం వేరు, చేయడం వేరు అన్న విషయం దానివల్ల చెదరదు.

పిల్లలు గుడ్డిగా అనుకరిస్తారన్న మాట కూడా సరికాదు. 2002లో గెర్గెలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పద్నాలుగు నెలల పసివాళ్లకు ఒక దృశ్యం చూపారు: పెద్ద మనిషి నుదుటితో ఒక దీపపు పెట్టెను తాకి వెలిగించింది. ఆమె చేతులు ఖాళీగా ఉన్నప్పుడు 69 శాతం మంది తామూ నుదుటినే వాడారు. చలికి దుప్పటి కప్పుకుని చేతులతో పట్టుకుని ఉన్నప్పుడు 21 శాతం మందే అలా చేశారు, మిగిలినవారు హాయిగా చేత్తో నొక్కారు. ఆమెకు చేతులు వీలుకాలేదని మాటలు రాని ఆ వయసులోనే గ్రహించారన్నమాట. పద్ధతికి కారణం కనిపించకపోతే మాత్రం, పెద్దలు చేశారంటే ఏదో అర్థం ఉంటుందని నమ్మి దాన్ని కూడా తీసుకుంటారు. 2005లో హార్నర్, వైటెన్ అనే పరిశోధకులు చేసిన పరిశీలనలో, పారదర్శకమైన పెట్టెను తెరిచి చూపుతూ పెద్ద మనిషి వేసిన తట్లలో అనవసరమైనవి ఏవో కళ్లకు కనిపిస్తున్నా మూడు నాలుగేళ్ల పిల్లలు వాటిని కూడా చేశారు, చింపాంజీలు వాటిని వదిలేశాయి. మన ఆచారాలు, మర్యాదలు, పండుగ పనులు తరం నుంచి తరానికి అందుతున్నది ఈ నమ్మకం వల్లనేనని నేను అనుకుంటాను. అలాగే మన విసుగులు కూడా.

ఇప్పుడు మీ బాబు సంగతి. రెండు, మూడేళ్ల వయసులో కొట్టడం, కొరకడం, లాక్కోవడం ఎవరినీ చూడకుండా కూడా వస్తాయి, ఎందుకంటే కోరిక మాటకంటే ముందు పుడుతుంది. కాబట్టి మీలో ఎవరో నేర్పారని అత్తగారి దగ్గర మీరు నింద మోయవలసిన పని లేదు. అయితే కోపం వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారో వాడు చూసి, తన కోపానికి ఆ రూపం ఇస్తాడు. చెల్లిని కొట్టినందుకు వీపు మీద ఒకటి వేస్తే, “కొట్టకూడదు” అన్న మాట చెవిలోనూ, “పెద్దవాళ్లు చిన్నవాళ్లను కొట్టవచ్చు” అన్న పాఠం కంటిలోనూ పడతాయి. రెండిటిలో ఏది నిలుస్తుందో నేను మా కేంద్రంలో తరచుగా చూస్తుంటాను.

మేము చేసేది చెబుతాను. నేనూ ఆయమ్మా పిల్లల ముందే ఒకరినొకరు అడిగి వస్తువు తీసుకుంటాం. చిరాకు వచ్చినప్పుడు “నాకు ఇప్పుడు కోపంగా ఉంది, కాసేపు బయట నిలబడి వస్తాను” అని వాళ్లకు వినపడేలా చెప్పి నిజంగానే వెళ్లి వస్తాను. కోపాన్ని దాచుకుంటే పిల్లలకు కనిపించేది ఏమీ ఉండదు. అది ఎలా చల్లారుతుందో కూడా వాళ్లకు కనిపించాలి. పిల్లలు తాము ఇష్టపడేవాళ్లను, ఇంట్లో మాట చెల్లేవాళ్లను, తమకంటే కొంచెం పెద్ద పిల్లలను ఎక్కువగా అనుసరిస్తారని నా అనుభవం, కాబట్టి ఈ పని మీరొక్కరే చేస్తే చాలదు, మీవారు, మామగారు కూడా కలిసి రావాలి. బాబు అడిగి తీసుకున్న రోజున, చెల్లెలి ముందే వాడిని మెచ్చుకోండి. రెండు వారాలకే మార్పు కనిపించకపోతే నిరాశపడకండి. గోడకు ఆనుకుని చూస్తున్న ఆ బాబులాగే మీ వాడూ లోపల కూడబెట్టుకుంటూ ఉండవచ్చు. వయసుకు తగ్గట్టు మాటలు రాకపోయినా, తనను తానే గాయపరుచుకుంటున్నా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యునికి చూపించండి, అది అనుకరణతో ముడిపడిన విషయం కాదు.