స్లాబు కింద బీములు కూడా లెక్కలోకి రావాలి: కోవూరులో ఇల్లు మొదలుపెడుతున్న అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

నాయనా,

పెద్దమ్మ దీవెనలు. మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "1200 అడుగుల ఇల్లు పెద్దమ్మా. అడుగుకు 0.4 బస్తా చొప్పున 480 బస్తాల సిమెంటు, 4 కిలోల చొప్పున 4,800 కిలోల స్టీలు. లెక్క అయిపోయింది, ఇక ఆర్డర్ పెట్టడమే" అన్నావు. బెంగళూరులో ఉద్యోగం, అడిగినప్పుడల్లా సెలవు దొరకదు, ఒకేసారి దింపేస్తే టెన్షన్ ఉండదని నీ ఆలోచన. నాకు అర్థమైంది. కానీ ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ ఆర్డర్ పెట్టకు.

నీకు చెప్పిన లెక్క తప్పని కాదు. బేల్దార్లూ ఇంజనీర్లూ అందరూ వాడేదే. బ్యాంకులో ఎంత లోను అడగాలో, చేతిలో ఎంత ఉంచుకోవాలో తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. సామాను దింపుకోవడానికి మాత్రం పనికిరాదు. ఎందుకంటే ఆ లెక్కకి నీ ఇల్లు తెలియదు. గదులు చిన్నవై గోడలు ఎక్కువైతే ఇటుక పెరుగుతుంది. బేస్‌మెంట్ ఎత్తు, అంటే రోడ్డు మీద నుంచి ఇంటి నేల దాకా ఎత్తు, పెంచితే మట్టి పెరుగుతుంది. నేల నల్లరేగడి అయితే పునాది లోతుకు పోతుంది. సంపు, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, ప్రహరీ ఆ అడుగుల్లో ఉండవు.

ప్రహరీ సంగతే చూడు. నీది 30 అంకణాల స్థలం. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. ప్లాన్ గీసే అతను బెంగళూరు మనిషి కదా, ఈ సంగతి అతనికి చెప్పావో లేదో ముందు చూసుకో. 30 అంకణాలంటే 2160 అడుగులు, నీ స్థలం 36 × 60. చుట్టుకొలత 192 అడుగులు. ఐదడుగుల ఎత్తు లేపితే 960 చదరపు అడుగుల గోడ. నాలుగున్నర అంగుళాల గోడే అనుకున్నా 4,300 ఇటుకలు కావాలి. రెండు వైపులా పూతకే 14, 15 బస్తాల సిమెంటు పోతుంది. గేటు చోటు తీసేసినా పెద్దగా తగ్గదు. ఇది నీ 480 బస్తాల్లో ఎక్కడుంది?

ఇప్పుడు నా సంగతి చెబుతాను. కావలిలో మేం ఇల్లు కట్టేటప్పుడు మీ పెద్దనాన్నకు గుంతకల్లులో డ్యూటీ. పని మొత్తం నేనే చూసుకున్నాను. స్లాబు 24 × 30, అంటే 720 అడుగులు. మందం 5 అంగుళాలు. 720ని 5తో హెచ్చవేసి 12తో భాగిస్తే 300 సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగులు. సిమెంటు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్ళలో 100 సీఎఫ్‌టీ కాంక్రీటుకు 23 బస్తాలు పడుతుంది. మూడు వందలకు 69. ఎందుకైనా మంచిదని 75 తెప్పించాను. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు.

సాయంత్రం నాలుగింటికి తట్టలందించే ఆమె కిందికి వచ్చి "అమ్మా, మూడు బస్తాలే ఉండాయి" అంది. నిచ్చెనెక్కి చూశాను. తూర్పు గది మీద ఇంకా ఇనుమే కనిపిస్తోంది. ఆ రోజు ఆదివారం. సిమెంటు కొట్టు అతన్ని ఇంటి నుంచి పిలిపించి, బండి మాట్లాడి, సిమెంటు వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. అప్పటికి ముందు పోసిన అంచు గట్టిపడింది. దాని మీద సిమెంటు పాలు పోసి మిగతాది కలిపారు కానీ పాతా కొత్తా ఒకటి కాలేదు. ఇప్పటికీ కార్తీకమాసం వానలకు ఆ గది పైకప్పు మీద ఫ్యాను కొక్కెం నుంచి కిటికీ దాకా తడి గీత తేలుతుంది. ఎన్నిసార్లు సున్నం వేయించినా మళ్ళీ అక్కడే వస్తుంది. నువ్వు చిన్నప్పుడు ఆ గదిలోనే పడుకునేవాడివి, గుర్తుందా?

ఎక్కడ పోయింది ఆ సిమెంటు? బీముల్లోకి, స్లాబు బరువు మోసే కాంక్రీటు దూలాల్లోకి. గోడల మీద 160 అడుగుల పొడవున బీములు, 9 అంగుళాల వెడల్పు, స్లాబు అడుగు నుంచి 10 అంగుళాల దిగుడు. 160 × 0.75 × 0.83 కట్టి చూడు, సరిగ్గా 100 సీఎఫ్‌టీ. ఇంకో 23 బస్తాలు. మాకు కావలసింది 92. మేస్త్రీ స్లాబు చెప్పాడు, నేను స్లాబే రాసుకున్నాను, బీముల మాట అడగలేదు.

అందుకే నీకు చెప్పేది, ఇంటిని ఇల్లుగా లెక్కకట్టకు. ముక్కలు ముక్కలుగా కట్టు. ఒక పెద్ద నోట్‌బుక్ తీసుకుని పిల్లర్ల అడుగున పునాది దిమ్మలైన ఫుటింగులకో పేజీ, గోడల కింద వచ్చే ప్లింత్ బీముకో పేజీ, పిల్లర్లకు, తలుపులు కిటికీల పైన వచ్చే లింటెల్‌కు, సన్‌షేడ్లకు, మెట్లకు, స్లాబుకు, దాని బీములకు విడివిడిగా పేజీలు పెట్టు. ప్రతి పేజీలో పొడవు, వెడల్పు, ఎత్తు రాయి. అన్నీ అడుగుల్లోకి మార్చాకే హెచ్చవెయ్యి. 9 అంగుళాలంటే 0.75, నాలుగున్నర అంటే 0.375, 5 అంటే 0.42. అంగుళాల్ని పొరపాటున అడుగుల్లా వేసి బోల్తా పడ్డవాళ్ళను చూశాను. సీఎఫ్‌టీలు తేలాక, ప్రతి వందకూ 23 బస్తాలు, 42 సీఎఫ్‌టీ ఇసుక, 84 సీఎఫ్‌టీ కంకర రాసుకో. స్లాబు రోజుకు దాని మీద నూటికి ఐదు ఎక్కువ ఉంచు. ఆదివారం స్లాబు పెట్టుకోకు.

ఇంత లెక్కకట్టినా కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర తట్టలతో పోస్తే అంతా వృథా. ఒకరి తట్ట నిండుగా ఉంటుంది, ఇంకొకరిది వెలితిగా ఉంటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తుతో చెక్కపెట్టె ఒకటి చేయించు. అందులో పట్టేది దాదాపు ఒక బస్తా సిమెంటంత. బస్తాకు ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర.

ఇసుక దగ్గర మనవాళ్ళు ఎక్కువ మోసపోతారు. అందరి తప్పూ కాదులే, ఇసుక గుణమే అంత. కొంచెం తడిగా ఉన్న ఇసుక పొంగుతుంది. పెన్నా నుంచి వచ్చిన ట్రాక్టరు నిండుగా కనిపిస్తుంది, నిజానికి అందులో నాలుగో, అయిదో వంతు ఉత్త గాలి. ఒక పని చెయ్యి. అంచులు నిటారుగా ఉన్న గాజు గ్లాసులో ఇసుకను అయిదు అంగుళాలు పొయ్యి, అదమకు. నీళ్ళు పోసి పుల్లతో కలిపి కాసేపు వదిలెయ్యి. నాలుగు అంగుళాలకు దిగిందనుకో, నువ్వు 100 సీఎఫ్‌టీకి డబ్బులిస్తే నీకు వచ్చేది 80. ఆ గ్లాసు చూపించి లోడు రేటు మాట్లాడుకో. పూర్తిగా ఎండిన ఇసుకా, పూర్తిగా నీళ్ళలో మునిగిన ఇసుకా దాదాపు ఒకే కొలత చూపిస్తాయి, మధ్యలో చెమ్మ ఉన్నదే మోసం చేస్తుంది.

ట్రక్కును కూడా కొలిచి దింపించు. లోపలి పొడవు, లోపలి వెడల్పు. ఎత్తుకి మాత్రం పైన కుప్ప చూసి నమ్మకు. సన్నటి ఇనప కమ్మీ తీసుకుని నాలుగు మూలలా, మధ్యలో ఒకచోట అడుగు తగిలేదాకా గుచ్చి, ఐదు కొలతలూ కలిపి ఐదుతో భాగించు. మూలల్లో ఎప్పుడూ తక్కువే ఉంటుంది. పది అడుగులు, ఆరడుగులు, సగటున అడుగున్నర వస్తే అది 90 సీఎఫ్‌టీ. "యూనిట్ అమ్మా" అంటే యూనిట్ అంటే వందేనా అని ముందే అడుగు. సముద్రం ఒడ్డు ఇసుక ఎంత చవకగా ఇస్తామన్నా వద్దు, ఉప్పు ఇనుమును తినేస్తుంది.

బేస్‌మెంట్ ఎత్తు మాత్రం పిసినారితనం చేయొద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మీ కోవూరు వైపు ఏమైందో నీకు తెలుసు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. రోడ్డు మీద నుంచి కనీసం మూడడుగులు లేపు. 30 × 40 ఇంటికి మూడడుగులంటే 3600 సీఎఫ్‌టీ. ఇది దిమ్మిసతో కొట్టాక ఉండాల్సిన మట్టి. వదులుగా వచ్చే గ్రావెల్ నూటికి ఇరవై దాకా అణిగిపోతుంది కాబట్టి 4500 అనుకో. 90 చొప్పున 50 ట్రాక్టర్లు. గోడలు ఆక్రమించే చోటు తీసేస్తే కొన్ని తగ్గుతాయి. అరడుగు మందం చొప్పున పరిచి, నీళ్ళు కొట్టి, దిమ్మిస చేయించు. ఒకేసారి నింపి పైపైన కొడితే రెండేళ్ళకు టైల్స్ కుంగుతాయి.

ఇటుకల లెక్క తేలికే కానీ ఇటుకను కొలవకుండా వెయ్యకు. తొమ్మిది, నాలుగున్నర, మూడు అంగుళాల ఇటుకైతే నాలుగున్నర గోడకు చదరపు అడుగుకు నాలుగున్నర ఇటుకలు, తొమ్మిది అంగుళాల గోడకు తొమ్మిది. బట్టీని బట్టి సైజు మారుతుంది. పది ఇటుకలు వరసగా పేర్చి టేపు పెట్టు. పొడవు అరంగుళం, ఎత్తు పావంగుళం తగ్గితే చాలు, వంద చదరపు అడుగుల నాలుగున్నర గోడకు 60 ఇటుకలు ఎక్కువ పోతాయి. రేటు తక్కువని కొన్నది అక్కడే సమానమైపోతుంది. విరిగేవాటికి నూటికి ఐదు కలుపు. తలుపులు, కిటికీలు తీసెయ్యి.

స్టీలుకు నీ ఇంజనీరు దగ్గర కమ్మీల పట్టిక రాయించుకో. ఏ సైజు, ఎంత పొడవు, ఎన్ని, అన్నీ అందులో ఉండాలి. అది లేకుండా టన్నుల్లో మాట్లాడకు. మీటరు కమ్మీ బరువు తెలియాలంటే దాని ఎం.ఎం.ను దానితోనే హెచ్చవేసి 162తో భాగించు. 40 అడుగులని చెప్పే 12 మీటర్ల కమ్మీ ఒక్కటి 8 ఎం.ఎం. అయితే 4.7 కిలోలు, 10 అయితే 7.4, 12 అయితే 10.7, 16 అయితే 19 కిలోలు. లారీ వచ్చినప్పుడు వేబ్రిడ్జి చీటీ తీసుకుని, కమ్మీలు లెక్కపెట్టించి, రెండూ సరిపోతున్నాయో చూడు. అతుకుల దగ్గర కమ్మీ మీద కమ్మీ ఎక్కించే పొడవు కూడా పట్టికలో ఉందో లేదో అడుగు, చాలామంది మర్చిపోయేది అదే.

480 బస్తాలూ ఒకేసారి దింపొద్దు అనడానికి ఇంకో కారణం ఉంది. మన గాలిలో చెమ్మ ఎక్కువ. మూడు నెలలు నిలవున్న సిమెంటు బలం బాగా తగ్గిపోతుంది. మా రెండో ఇంటికి పాత పాకలో నేల మీదే బస్తాలు పేర్చాను. తుపాను వచ్చి తగ్గాక చూస్తే అడుగు వరస రాయిలా గడ్డకట్టింది. బస్తా మీద తయారైన వారం అచ్చువేసి ఉంటుంది, చదివి దింపించుకో. చెక్కల మీద, గోడకు అడుగు దూరంగా, పది వరసలు మించకుండా పేర్చి, పైన పట్టా కప్పు. ఫుటింగులకు కొంత, ప్లింత్‌కు కొంత, స్లాబుకు ముందు వారం కొంత తెప్పించుకో.

టైల్స్ గురించి ఒక్కటే. నూటికి ఏడు ఎక్కువ కొని, పనయ్యాక ఒక బాక్సు దాచిపెట్టు, తర్వాత అదే రంగు దొరకదు. గోడల అడుగున వేసే టైల్ పట్టీ, అదే స్కర్టింగ్, మర్చిపోకు. వంటగది గట్టుకు చీమకుర్తి నల్లరాయి వేద్దామని మీ అమ్మ అంది, మంచిదే, ముందు భాగం పట్టీ కూడా అడుగుల్లో కలిపి చెప్పు.

నీ ప్లాన్ కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. మొదట ఫుటింగుల పేజీ నువ్వే వేసి చూడు. నేనూ ఇక్కడ నా పాత నోట్‌బుక్ తీసి అదే వేస్తాను. ఆదివారం ఫోన్‌లో రెండూ పక్కపక్కన చదువుకుందాం. వచ్చేటప్పుడు 100 అడుగుల టేపు తెచ్చుకో, నీ దగ్గరున్న చిన్నది స్థలానికి చాలదు.

పెద్దమ్మ