ఓనరు ‘ఖాళీ చెయ్’ అని మెసేజ్ పెడితే

న్యూజెర్సీలోని ఎడిసన్ దగ్గర ఒక ఇంటి బేస్‌మెంట్‌లో స్నేహితులతో కలిసి అద్దెకుంటూ చదువుకుంటున్న ఒక తమ్ముడి సందేహం ఇది. హీటరు పాడైంది, ఎన్నిసార్లు చెప్పినా బాగుచేయించడం లేదు. పై అంతస్తులో ఉండే ఓనరు మనవాళ్ళే. ఈసారి గట్టిగా అడిగితే, ‘ఆదివారంలోగా ఖాళీ చెయ్యండి, లేకపోతే తాళం మార్చేస్తా. ఎవరికైనా చెప్తే మీ వీసాలకే ఇబ్బంది’ అని వాట్సాప్‌లో పెట్టారట.

తమ్ముడూ, ఆ ఆదివారం గడువుకు భయపడి సామాన్లు సర్దకు. న్యూజెర్సీలో అద్దెకున్నవాళ్ళను ఇంట్లోంచి పంపించే అధికారం ఓనరుకు లేదు, కోర్టుకే ఉంది. ఓనరు కేసు వేయాలి, జడ్జి తీర్పు ఇవ్వాలి, ఆ తర్వాత వారంట్‌తో కోర్టు అధికారి రావాలి. ఓనరే తాళం మార్చినా, కరెంటు, నీళ్ళు ఆపినా అది చట్టవిరుద్ధం. పోలీసులను పిలువు. వాళ్ళు ‘ఇది సివిల్ గొడవ’ అని వెళ్ళిపోబోతే, కోర్టు ఆర్డరు లేకుండా తాళం వేశారని మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పు.

ఈ రాష్ట్రంలో 1974 నుంచి ఒక మంచి చట్టం ఉంది. సరైన కారణం చూపకుండా అద్దెదారును ఖాళీ చేయించకూడదు, లీజు గడువు అయిపోయినా సరే. కానీ ఓనరు అదే ఇంట్లో ఉంటూ ఒకటో రెండో భాగాలు మాత్రమే అద్దెకిస్తే ఆ రక్షణ వర్తించదు. మన పిల్లలు ఎక్కువగా ఉండేది అలాంటి ఇళ్ళలోనే కాబట్టి ఇది తెలిసి ఉండాలి. అప్పుడు కూడా నోటీసు, కోర్టు తప్పవు.

వీసా సంగతి. అద్దె గొడవ సివిల్ కేసు. కోర్టుకు వెళ్ళినంత మాత్రాన వీసా పోదు. ఇల్లు మారితే పది రోజుల్లోగా కొత్త అడ్రసు మీ యూనివర్సిటీకి తెలియజేయడం మాత్రం మర్చిపోవద్దు. పరాయి దేశంలో చలికి వణుకుతున్న పిల్లలను మనవాళ్ళే వీసా పేరుతో బెదిరించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక హీటరు. అపార్ట్‌మెంట్లకు రాష్ట్రం పెట్టిన లెక్క ప్రకారం అక్టోబరు 1 నుంచి మే 1 వరకు పగలు 68, రాత్రి 11 దాటాక 65 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. చిన్న ఇళ్ళ సంగతి టౌన్‌షిప్ ఆఫీసులో, అంటే మీ ఊరి మునిసిపాలిటీలో అడుగు. గదిలో థర్మామీటరు పెట్టి, తేదీ, టైము కనిపించేలా రోజూ ఫొటో తియ్యి. ఓనరుకు ఫోన్లో చెప్పినదంతా మళ్ళీ ఈమెయిల్‌లో రాయి.

అలా అని అద్దె కట్టడం మానేసి ఆ డబ్బు ఖర్చు పెట్టుకోవద్దు. 1970లో మరీనీ వర్సెస్ ఐర్లాండ్ అనే కేసులో న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూడు. ఆలిస్ ఐర్లాండ్ అనే ఆవిడ ఇంట్లో టాయిలెట్ పగిలి నీళ్ళు కారుతుంటే ఓనరు పట్టించుకోలేదు. ఆవిడే 85 డాలర్ల 72 సెంట్లు పెట్టి బాగుచేయించి, 95 డాలర్ల అద్దెలో అది పోను మిగిలిందే పంపింది. ఓనరు ఖాళీ చేయించాలని కేసు వేశాడు. ఇల్లు నివాసయోగ్యంగా ఉంచడం ఓనరు బాధ్యత అని కోర్టు ఆవిడ వాదనను అంగీకరించింది. ఇప్పుడు ఆ వాదన వినిపించాలంటే బాకీ అద్దెను కోర్టులో జమ చేయమని జడ్జి అడగొచ్చు. అందుకే ఆ డబ్బు ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచు.

బేస్‌మెంట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2021 సెప్టెంబరులో ఇడా తుపాను వాననీళ్ళు ముంచెత్తి న్యూయార్క్ నగరంలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్ళలోనే చనిపోయారు. మనిషి బయటపడగలిగే కిటికీ లేకపోతే, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం లేకపోతే అద్దె ఎంత తక్కువైనా అక్కడ ఉండొద్దు. ఆ బేస్‌మెంట్ అద్దెకివ్వడానికి అనుమతి ఉందో లేదో టౌన్‌షిప్‌లో అడగొచ్చు. అనుమతి లేదని అధికారులు ఖాళీ చేయిస్తే, అద్దెదారుకు ఆరు నెలల అద్దెకు సమానమైన డబ్బు ఓనరు ఇవ్వాలని చట్టంలో ఉంది. నీ విషయంలో వర్తిస్తుందో లేదో లాయరును అడుగు.

లాయరుకు డబ్బుల్లేవు అంటావు. ముందు ఉచిత న్యాయ సహాయం చేసే లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీకి ఫోన్ చెయ్యి. ఫెడరల్ నిధులతో నడిచే ఉచిత న్యాయ సహాయ సంస్థలు చాలావరకు స్టూడెంట్ వీసా వాళ్ళ కేసులు తీసుకోలేవు. వాళ్ళు కాదంటే నిరుత్సాహపడకుండా రట్గర్స్ లా స్కూల్ నడిపే న్యాయ సహాయ క్లినిక్‌లను, మీ యూనివర్సిటీ న్యాయ సలహా ఆఫీసును అడుగు.

కోర్టు కాగితం వస్తే ఆ తేదీన తప్పకుండా వెళ్ళాలి. వెళ్ళకపోతే ఓనరు చెప్పిందే తీర్పు అవుతుంది. అద్దె బాకీ మీదే కేసైతే మొత్తం కట్టేస్తే కొట్టేస్తారు. ముందే అడిగితే కోర్టువాళ్ళు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇస్తారు. జడ్జి ముందుకు వెళ్ళకముందే వరండాలో ఓనరు లాయరు ‘రాజీ’ అంటూ ఒక కాగితం ఇస్తాడు. అర్థం కాని దాని మీద సంతకం పెట్టకు. ‘జడ్జిగారితోనే మాట్లాడతాను’ అను.