చెక్ భాషలో ‘చెర్‌స్త్వీ’ అంటే తాజా, పోలిష్‌లో అదే మాటకి అర్థం ఎండిపోయినది. ఎందుకలా? ఈ విశేషణానికి ఎన్ని రూపాలు?

ప్రాగ్‌లో నా రూమ్మేట్ పోలండ్ అబ్బాయి. వచ్చిన కొత్తలో ఒక బేకరీ మీద ‘చెర్‌స్త్వే పెచివొ’ అన్న బోర్డు చూసి పగలబడి నవ్వాడు. చెక్‌వాళ్లకి అది ‘తాజా రొట్టెలు’. వాడికేమో ‘ఇచ్చట ఎండిపోయిన రొట్టెలు అమ్మబడును’ అన్నట్టు కనబడింది!

రెండూ ఒకే పాత స్లావిక్ (చెక్, పోలిష్, రష్యన్‌ల భాషా కుటుంబం) మాట నుంచి వచ్చినవే. దాని అర్థం గట్టి, దృఢమైన అని. క్రొయేషియన్‌లో ‘చ్వర్‌స్త్’ అంటే ఇప్పటికీ గట్టి అనే. పోలిష్, రష్యన్ భాషల్లో ఆ గట్టిదనం ఆరిపోయిన రొట్టె మీదికి పోయింది. రష్యన్‌లో రాతిగుండె మనిషినీ ఈ మాటతోనే అంటారు. చెక్‌లో మాత్రం దృఢంగా ఉన్నది ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్నదై, చివరికి తాజాది అయింది. పోలిష్‌లో కూడా వయసు మళ్లినా గట్టి పిండంలా ఉన్న ముసలాయన్ని ఈ మాటతోనే మెచ్చుకుంటారు. మనకిది వింతేమీ కాదు. కన్నడంలో ‘కంపు’ సువాసన, మన కంపు సంగతి తెలిసిందేగా.

ఇక రూపాలు. మనం ‘తాజా’ని దేని ముందు పెట్టినా అది కదలదు. చెక్‌లో నామవాచకం లింగాన్ని బట్టి తోక మారుతుంది: చెర్‌స్త్వీ రొహ్లీక్ (పుంలింగం), చెర్‌స్త్వా హౌస్కా (స్త్రీలింగం), చెర్‌స్త్వే మ్లేకొ (పాలు, నపుంసకం). రొహ్లీక్, హౌస్కా రెండూ చిన్న బన్నులే. ఒకటి మగ, ఒకటి ఆడ ఎందుకంటే ఏం చెప్పను! పైగా ఏడు విభక్తులు. కొనేటప్పుడు ద్వితీయ కాబట్టి ‘చెర్‌స్త్వౌ హౌస్కు’ అనాలి. రొహ్లీక్ అయితే మార్పు లేదు. ఇది ‘మ్లదీ’ (పడుచు వయసులో ఉన్న) అనే మాట నమూనాలో నడిచే మాట, ఆ ఒక్క పట్టిక కంఠతా వస్తే వందల విశేషణాలు వచ్చేసినట్టే.

పుస్తకం చదివి ప్రాగ్ వీధిలోకి వెళ్తే ఇంకో తిరకాసు. అక్కడ వాడుకలో పుంలింగం ‘చెర్‌స్త్వెయ్’ అవుతుంది, పాలేమో ‘చెర్‌స్త్వీ మ్లీకొ’ అవుతాయి. అంటే పుస్తకంలోని పుంలింగ రూపం నపుంసకానికి వచ్చి కూర్చుంది. నాకు ఇది అలవాటవడానికి ఏడాది పట్టింది.

‘ఇంకా తాజా’ అనడానికి ‘చెర్‌స్త్వ్యెయ్‌షీ’, ‘అన్నిటికన్నా తాజా’కి ముందు ‘నెయ్’ చేర్చాలి. వీటిలో ఓ సుఖం ఉంది: ప్రథమలోనూ, బన్నూ పాలూ కొనే ద్వితీయలోనూ మూడు లింగాలకీ ఒకే రూపం. అందుకే లింగం గుర్తురాని రోజున నేను ‘ఇంకా తాజాది’ ఇమ్మని అడిగేసేవాణ్ణి. వ్యాకరణం తప్పేది కాదు గానీ, షాపావిడ మొహం మాడ్చుకునేది.