ఆ ఊదా పువ్వు ఇక్కడిదేనా?

ప్రశ్న: మాస్టారూ, మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ఇంటి వెనక కొంచెం అడవి ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే అక్కడ చెట్ల కింద ఊదారంగు పూలు విరగబూస్తాయి, ఆకులు హృదయాకారంలో ఉంటాయి. ఫోన్‌లో యాప్ ఒకసారి కామన్ బ్లూ వైలెట్ అంటుంది, మరోసారి స్వీట్ వైలెట్ అంటుంది. మావారు కలుపు మొక్కలని పీకేస్తానంటున్నారు. ఇవి ఇక్కడివేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఆగమనండి. కామన్ బ్లూ వైలెట్టే అయితే అది న్యూజెర్సీ రాష్ట్ర పుష్పం, 1971లో చట్టం చేసి మరీ ప్రకటించారు. అమెరికా తూర్పు భాగమంతా దాని సొంత గడ్డ. స్వీట్ వైలెట్ యూరప్ నుంచి తోటల కోసం వచ్చింది.

పువ్వుని పైనుంచి ఫోటో తీస్తే యాప్ తికమకపడటం సహజం. రంగు చూసి వైలెట్లను పోల్చలేం. మోకాళ్ల మీద కూర్చుని, మొక్క మొదట్లో రాలిన ఆకుల్ని వేళ్లతో పక్కకి జరపండి. నేల మీద స్ట్రాబెర్రీలా తీగలు పాకుతూ, పువ్వుకి మంచి వాసన ఉంటే అది స్వీట్ వైలెట్. తీగల్లేకుండా లావుపాటి దుంపలాంటి కాండం నుంచే ఆకులూ పూలూ విడివిడి కాడలతో లేస్తే మీ రాష్ట్ర పుష్పం కామన్ బ్లూ వైలెట్ కావచ్చు. ఆకులున్న కొమ్మ మీద, ఆకు మొదట్లో పువ్వు వస్తే మాత్రం వేరే జాతి.

ఇంకా దగ్గరి చుట్టం ఒకటుంది, మార్ష్ బ్లూ వైలెట్. దీన్ని విడదీయడానికి లెన్స్ కావాలి. పువ్వుకి రెండు పక్కలా ఉన్న రేకుల లోపల నూగు చూడండి. కామన్ బ్లూలో వెంట్రుకలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. మార్ష్ బ్లూలో పొట్టిగా, చివర ఉబ్బి ఉంటాయి. అది తడి నేలల్లో పెరుగుతుంది, పూలు ఆకుల కంటే బాగా పైకి లేస్తాయి. ఈ రెండూ సంకరం కూడా అవుతాయి కాబట్టి ఏ ఒక్క గుర్తునీ నమ్ముకోవద్దు.

పూలు అయిపోయాక కూడా చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. ఎండాకాలంలో నేలకి ఆనుకుని అసలు విచ్చుకోని మొగ్గలొస్తాయి. తేనెటీగతో పనిలేకుండా లోపలే పరాగసంపర్కం జరిగి గింజ కడుతుంది. కాయ మూడు పలకలుగా పగిలి గింజల్ని చిమ్ముతుంది. వాటికి అంటుకున్న కొవ్వు ముక్క కోసం చీమలు మోసుకెళ్తాయి. మన తెలుగునాట గరప నేలల్లో కనిపించే రత్నపురుష అనే చిన్న మొక్కదీ ఇదే కుటుంబం, దాని కాయా అలాగే మూడుగా విచ్చుకుంటుంది. క్లాసులో పిల్లలకి రెండు దశాబ్దాలకి పైగా చూపించాను.

పచ్చికలో వైలెట్లు పాకితే కొందరికి చిరాకే, ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పేది అడవి నేల. గ్రేట్ స్పాంగిల్డ్ ఫ్రిటిలరీ అనే నారింజ రంగు సీతాకోకచిలుక పిల్లలకి వైలెట్ ఆకులే తిండి. గుడ్లలోంచి శరదృతువులో బయటికొచ్చిన పురుగులు ఏమీ తినకుండా రాలిన ఆకుల కింద చలికాలం గడిపి, వసంతంలో వైలెట్లు చిగురించాక మేత మొదలుపెడతాయి. కాబట్టి అక్టోబరులో ఆ చెట్ల కింద ఆకులు ఊడ్చకండి, ఆకుల్ని ఊదేసే బ్లోయర్ అసలు పెట్టకండి.