డీఎస్సీ కోసం ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. వయసు 29. బీఎస్సీ ఎంపీసీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఫిజికల్ సైన్స్ మెథడాలజీతో బీఈడీ చేశాను. నాలుగేళ్ళ మూడు నెలలుగా ఒకే ప్రైవేట్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. మూలవేతనం 12 వేలు, చేతికి 22 వేలు వస్తాయి, పీఎఫ్ ఉంది. మావారి జీతం 35 వేలు, ఇంటి ఖర్చు 38 వేలు. లక్షన్నర గోల్డ్‌లోన్ మీద నెలకు 1,500 వడ్డీ కడుతున్నాం. ఎఫ్‌డీలో 2.20 లక్షలున్నాయి. ఉద్యోగం మానేసి ఏడాదిపాటు అవనిగడ్డలో ఉండి డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) కోచింగ్ తీసుకుందామనుకుంటున్నాను. ఫీజు, హాస్టల్ కలిపి 60 వేలు అవుతాయి. లేదా ఎంఈడీ చేయాలా? ఒక ఆన్‌లైన్ పాఠాల కంపెనీ 30 వేలకు కంటెంట్ రాసే పని ఇస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: డీఎస్సీ తప్పకుండా రాయండి. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానేయకండి.

మీరు ఖర్చు 60 వేలే అనుకుంటున్నారు. ఏడాది జీతం పోతే 2,64,000. పీఎఫ్, పెన్షన్ ఖాతాల్లోకి మీ వాటా, స్కూలు వాటా కలిపి నెలకు 2,880 వెళ్తోంది, అది ఏడాదికి 34,560. దీనికి గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళేవారికి యాజమాన్యం ఇవ్వవలసిన మొత్తం, కలపాలి. ప్రైవేట్ స్కూల్ టీచర్లకు గ్రాట్యుటీ లేదని చాలామంది అనుకుంటారు, యాజమాన్యాలూ గుర్తుచేయవు. 2009 చట్ట సవరణతో టీచర్లను గ్రాట్యుటీ చట్టం కిందికి తెచ్చారు. దాన్ని సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. శాశ్వత ఉద్యోగికి అయిదేళ్ళ సర్వీసు నిండాలి. మీకింకా తొమ్మిది నెలలు తక్కువ. చివరి మూలవేతనాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో హెచ్చిస్తే మీకు రావలసింది 34,615 రూపాయలు. నాలుగేళ్ళ 240 రోజులు చాలంటారు, అలాంటి హైకోర్టు తీర్పూ ఉంది. కానీ యాజమాన్యంతో ఆ వాదనకు దిగేకంటే అయిదేళ్ళు నిండనివ్వడమే మేలు. అన్నీ కూడితే మీ ఏడాది కోచింగ్ ఖరీదు 3,93,175.

ఇక ఇల్లు గడవడం. మీ జీతం ఆగితే 35 వేల రాబడికి 39,500 ఖర్చు. నెలకు 4,500 లోటు, ఏడాదికి 54,000. కోచింగ్ ఖర్చు కూడా ఎఫ్‌డీలోంచి తీస్తే మిగిలేది 1,06,000, అంటే మూడు నెలల ఇంటి ఖర్చుకు కూడా చాలదు. ఆ ఏడాదిలో నోటిఫికేషన్ రాకపోతే?

రాకపోవడం మామూలే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత నియామకాలు జరిగినది 2025లోనే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. తెలంగాణలోనూ 2017 తర్వాత మళ్ళీ 2024లోనే. తారీఖు తెలియని పరీక్ష కోసం జీతం వదులుకోవడం నాకు ఒప్పుదల కాదు. నోటిఫికేషన్ వచ్చాక కూడా వ్యవధి చిన్నదే. 2025లో ఏప్రిల్ 20న ప్రకటన వస్తే జూన్ 6న పరీక్షలు మొదలయ్యాయి. ఆ నెలన్నరలో ఎక్కువ భాగం వేసవి సెలవులే. కాబట్టి సిలబస్ ఉద్యోగం చేస్తూనే ముగించండి, చివరి రోజులకు జీతం లేని సెలవు అడగండి. నెలన్నరకు పోయేది 33 వేలు, అదీ సెలవుల్లో పడకపోతే.

పోస్టుల సంఖ్య చూసి కూడా మోసపోవద్దు. 2025లో ప్రకటించిన 16,347లో ఆరు వేలకు పైగా ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులు. 1 నుంచి 5 తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది, అవి మీకు లెక్కలోకి రావు. స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఏడు వేలకు పైగా. వాటిని సబ్జెక్టులకు, జిల్లాలకు పంచాక మీ జిల్లాలో ఫిజికల్ సైన్స్‌కు మిగిలేవెన్నో గత నోటిఫికేషన్ తీసి చూడండి. పోటీ మీకు కనిపించేది ఆ అంకెలోనే.

అయినా ప్రయత్నం తగినదే. 2022 పీఆర్సీలో (వేతన సవరణలో) స్కూల్ అసిస్టెంట్ ప్రారంభ మూలవేతనం 44,570. సీపీఎస్ పెన్షన్ పథకం కింద పది శాతం పోయినా, మీ జీతంతో పోలిక లేదు. పైగా ర్యాంకు పెంచుకునే చవక దారి ఒకటుంది. డీఎస్సీలో రాతపరీక్షకు 80 మార్కులు, టీచర్ అర్హత పరీక్ష టెట్‌కు 20. మీ టెట్ స్కోరు 150కి 100 అయితే 13.33 మార్కులు, దాన్ని 120కి పెంచుకుంటే 16. రెండున్నర మార్కుల తేడా దగ్గర డీఎస్సీలో ఎంతమంది గుంపుగా ఉంటారో రాసినవాళ్ళకు తెలుసు. టెట్ ఎప్పుడు పడినా మళ్ళీ రాయండి.

మీరు అడగని దారి ఒకటి చెబుతాను, నా దృష్టిలో మీకు అదే బలమైనది. ఎమ్మెస్సీ, బీఈడీ రెండూ ఉన్నాయి కాబట్టి కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) ఫిజిక్స్‌కు దరఖాస్తు చేయవచ్చు, పీజీలో 50 శాతం ఉండాలి. మూలవేతనం 47,600, వయోపరిమితి 40. నవోదయ, ఏకలవ్య పాఠశాలల్లోనూ పీజీటీలుంటాయి. టీజీటీ (ట్రైన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే: కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ సైన్స్‌కు డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కావాలి. ఎంపీసీ వారికి దక్కేది టీజీటీ మ్యాథ్స్. దానికి మూలవేతనం 44,900, వయోపరిమితి 35, కేంద్ర టెట్ అయిన సీటెట్ పేపర్ 2 అవసరం. సీటెట్‌లో 150కి 90 తెచ్చుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఫిజిక్స్ చదువు డీఎస్సీకీ పీజీటీకీ ఉమ్మడిగా పనికొస్తుంది.

ఎంఈడీ వద్దు. రెండేళ్ళు పడుతుంది, డీఎస్సీలో ఒక్క మార్కూ కలపదు. బీఈడీ కాలేజీల్లో పాఠం చెప్పాలనుకుంటే తప్ప దానితో పనిలేదు, అక్కడా నెట్ గానీ పీహెచ్‌డీ గానీ అడుగుతారు.

కంటెంట్ కంపెనీ 30 వేలన్నది సీటీసీనా (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చా), చేతికొచ్చేదా? సీటీసీలో పీఎఫ్ రెండు వాటాలూ, గ్రాట్యుటీ కూడా కలిపి చూపిస్తే మీకు దక్కే అదనం నాలుగైదు వేలకు దిగిపోతుంది. ఆఫర్ లెటర్‌లో జీతం వివరాలు, బాండ్, నోటీసు గడువు చూడండి. 2022, 2023లో ఈ రంగంలో వేలమందిని తీసేశారు, అది మరవద్దు. ఉద్యోగంలో చేరేకంటే ముందు అధ్యాయాల లెక్కన రాసిస్తానని అడగండి. నెలకు నాలుగైదు వేలొచ్చినా కోచింగ్ మెటీరియల్, మాక్ టెస్టుల ఖర్చు వెళ్ళిపోతుంది. టీడీఎస్ కోస్తే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, మీ ఆదాయానికి పన్ను పడదు. నియామక పత్రంలో వేరే పని చేయరాదని ఉంటే మాత్రం స్కూలు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఇంట్లో ట్యూషన్లు పెట్టే ఆలోచనుంటే మానుకోండి. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేట్ ట్యూషన్ చెప్పకూడదంటుంది.

ఈ నెలలోనే చేయవలసిన పని వేరే ఉంది. ఎఫ్‌డీ మీద ఆరేడు శాతం సంపాదిస్తూ, గోల్డ్‌లోన్ మీద పన్నెండు శాతం కడుతున్నారు. ఎఫ్‌డీలోంచి లక్షన్నర తీసి అప్పు తీర్చేయండి. ముందే తీసినందుకు వడ్డీ కాస్త తగ్గుతుంది, అయినా లాభమే. చేతిలో 70 వేలే మిగిలిందని భయపడకండి, అవసరం పడితే ఆ బంగారం మీద అదేరోజు మళ్ళీ అప్పు పుడుతుంది. వడ్డీ ఆగాక నెలకు 19 వేలు మిగులుతుంది. తొమ్మిది నెలలకు 1,71,000. పాత 70 వేలతో కలిపి 2,41,000, అప్పు లేకుండా, గ్రాట్యుటీ అర్హతతో.

అప్పటికి నోటిఫికేషన్ వచ్చి, మాక్ టెస్టుల్లో గత కటాఫ్ దాటుతుంటే రాజీనామా గురించి మళ్ళీ ఆలోచించవచ్చు. ఎప్పుడు మానేసినా, ముఖ్యంగా అయిదేళ్ళకు ముందే అయితే, పీఎఫ్ మాత్రం తీయవద్దు. మొత్తం సర్వీసు అయిదేళ్ళు నిండకుండా తీస్తే ఆ మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది. అదే యూఏఎన్‌తో (పీఎఫ్ గుర్తింపు నంబరుతో) కొత్త ఉద్యోగానికి బదిలీ చేసుకోండి. రాజీనామా ఇచ్చే ముందు నియామక పత్రం తీసి నోటీసు గడువు, వేసవి జీతం షరతులు చదవండి. ఏప్రిల్‌లో మానేసినవారికి మే జీతం ఎగ్గొట్టే షరతు కొన్ని స్కూళ్ళలో ఉంటుంది.