తప్పు ఇంజెక్షన్ ఇచ్చారు, కేసు షీటు ఇవ్వడం లేదు

ప్రశ్న: మా అమ్మగారికి పెన్సిలిన్ పడదని ఆసుపత్రిలో చేర్చిన రోజే చెప్పాం. అయినా విశాఖపట్నంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన మర్నాటి రాత్రి అదే మందు ఎక్కించారు. ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, ఐసీయూ దాకా వెళ్లి కోలుకున్నారు. నర్సును తీసేశామంటున్నారే గాని కేసు షీటు ఇవ్వడం లేదు. పరిహారం కన్నా, ఇంకొకరికి ఇలా జరగకూడదన్నదే మా కోరిక. చట్టం ఏమైనా చేయగలదా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: చేయగలదు. అయితే మొదట కేసు షీటు సంపాదించండి, మిగతా పనులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం రోగి గాని, రోగి తరఫున అధికారం ఉన్నవారు గాని అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. కనుక అమ్మగారి సంతకంతో దరఖాస్తు ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోక, మందుల చార్టు, నర్సుల నోట్సు కూడా పేరుపెట్టి అడగండి. అలర్జీ సంగతి అసలు రాయనే లేదా, లేక రాసి ఉన్నా మందు ఇచ్చే ముందు ఎవరూ చూడలేదా అన్నది ఆ కాగితాల్లోనే తేలుతుంది. ఈ రెండు లోపాలకూ దిద్దుబాటు ఒకటి కాదు.

నర్సును తీసేయడాన్ని నేను ఏమాత్రం సమర్థించను. మందు రాసిన డాక్టరు, ఫార్మసీ, వార్డు, ఇన్ని చేతులు దాటి వచ్చిన పొరపాటును ఒక్కరి నెత్తిన రుద్దితే, రేపు ఇలాంటిదే జరిగినప్పుడు భయంతో దాచేస్తారు, దాచిన పొరపాటు మళ్లీ జరుగుతుంది.

ప్రైవేటు ఆసుపత్రులు ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రత్యేక చట్టం కింద రిజిస్టర్ కావాలి. అందుచేత మీ ఫిర్యాదును జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి ఇచ్చి, అలర్జీ వివరం నమోదులోనూ, మందు ఇచ్చే ముందు సరిచూసుకోవడంలోనూ ఏం మార్చారో ఆసుపత్రి చేత రాతపూర్వకంగా చెప్పించమని కోరండి. మందు వికటించిన సంగతిని మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో రోగులే నేరుగా తెలపవచ్చు.

క్రిమినల్ కేసు వేరే సంగతి: డాక్టర్లపై దానికి తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు నిర్లక్ష్యం అంత తీవ్రంగా ఉండనక్కర్లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికే వస్తుందని 1995లోనే తీర్పు ఉంది. ప్రస్తుతం మీకు పరిహారం అక్కర్లేకపోయినా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లేనని గుర్తుంచుకుని, ఉత్తరప్రత్యుత్తరాలతోనే ఆ కాలం గడిచిపోకుండా చూసుకోండి.